గడప ముందు అత్తగారి చెప్పులు

ఆ ఇంగ్లీషు దొరసాని ఉస్కుదార్‌లో మా జనానాకి వచ్చిన మధ్యాహ్నం మేం గులాబీ రేకుల పాకం కాస్తున్నాం. బూట్లతోనే తివాచీ తొక్కుకుంటూ వచ్చి కూర్చుంది. నేనూ, నా తోడికోడలు రెఫియా కాఫీ ఇచ్చాం.

"పాపం, పంజరంలో చిలకలు!" అంది, వచ్చీ రాని మా భాషలో.

నాకు ఒళ్ళు మండింది. ఈవిడకేం తెలుసు? రెఫియాకి ఏడో నెల. మొదటి కడుపు మొగుడి తన్నులకే పోయింది. మా ఇళ్ళలో ఆడవాళ్ళ గది ముందు ఇంకో ఆడమనిషి చెప్పులుంటే మొగుడు లోపలికి రాకూడదు. అందుకే మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ తన పసుపు చెప్పులు రెఫియా గడప ముందు విడిచి, లోపల కాపలా కూర్చునేది. చనిపోయినవాళ్ళ చెప్పులు వీధి వైపు తిప్పి గుమ్మం బయట పెడితే బీదవాళ్ళు పట్టుకెళ్తారు. ఇవి మాత్రం మేం బయట పెట్టలేదు. తల్లి పోయి ఏడాదైనా, వాటిని చూస్తే రెఫియా మొగుడు నుస్రెత్ వెనక్కి తిరిగేవాడు.

దొరసానిని సాగనంపి వచ్చేసరికి గడప బోసిగా ఉంది. ఆవిడ సంచీ ఉబ్బెత్తుగా ఉండటం అప్పుడు గుర్తొచ్చింది.

"దొంగమొహంది!" అన్నాను. "అక్కా... నీ చెప్పులు పెట్టు, తొందరగా," అంది రెఫియా.

అప్పటికే నుస్రెత్ మెట్లెక్కేశాడు. గడప చూసి నవ్వాడు. "ఏమే, మా అమ్మ లేచి వెళ్ళిపోయిందా?"

నన్ను తోసేసి, లోపలికి వెళ్ళి గడియ పెట్టాడు.

తలుపు బాదాను. "వద్దు... వద్దు..." అంటోంది రెఫియా. ఉన్నట్టుండి ఆగిపోయింది. లోపల చెప్పులు ఈడుస్తున్న చప్పుడు... మెల్లగా... ఎడమకాలు ఈడుస్తూ. అత్తగారికి ఎడమకాలు కుంటి. పాకం వాసన పోయింది. కర్పూరం... శవానికి స్నానం చేయించినప్పటి వాసన.

"అమ్మా..." అన్నాడు నుస్రెత్, చిన్నపిల్లాడిలా.

ఆ తర్వాత చప్పుడు లేదు.

గడియ దానంతటదే తెరుచుకుంది. రెఫియా కడుపు పట్టుకుని కూర్చుంది. నుస్రెత్ లేడు. కిటికీల చెక్క జాలీలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

"ఏడే వాడు?"

"అడక్కు, అక్కా."

వీధి గుమ్మం బయట వాడి బూట్లున్నాయి. వీధి వైపు తిప్పి. మేమెవరమూ పెట్టలేదు.

తర్వాత దొరసాని పుస్తకం అచ్చయింది. ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ చదివి వినిపించింది. మేం పనీపాటా లేని సోమరులమట. పైగా దొంగలమట. గుర్తుగా తెచ్చుకున్న చెప్పుల్ని ఆ సాయంత్రమే, తాళం వేసిన తన పెట్టెలోంచి ఎత్తుకొచ్చేశామట!

ఎవరే దొంగ? ఆ సాయంత్రం మేం ఇల్లు కదిలితేగా!

పసుపు చెప్పులు మాత్రం రెఫియా గడప ముందే ఉన్నాయి. మొన్న దాని కూతురు వాటిలో కాళ్ళు పెట్టబోయి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"పెద్దమ్మా... ఇవి లోపల వెచ్చగా ఉన్నాయి."