బసవమ్మ చెప్పిన థాంక్యూ

"నా పేరెందుకు చెప్పావమ్మా? ఆ గేటు దగ్గర నా పేరెందుకు చెప్పావు!"

భవ్య చేతిలో ఫోను ఇంకా అలాగే ఉంది. అవతల సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసరు మాట్లాడి పెట్టేశాడు. గోడకు జారగిలబడి కూర్చున్న బసవమ్మకు కూతురి ముఖం కనిపించడం లేదు. రెండు కళ్లూ ఉబ్బిపోయి, రెప్పల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. అవి ఏడుపు నీళ్లో, కారం మంట నీళ్లో ఆమెకే తెలియదు...

"నేనేం చేశానే తల్లీ... ఆయనకు థాంక్సు చెప్పొద్దామని పోయా... అంతే కదా..."

"నేను మెసేజ్ పెట్టాను కదమ్మా! నిన్నెవరు పొమ్మన్నారు?"

మంచం మీద నుంచి తండ్రి బుల్లయ్య అందుకున్నాడు. "కూతురికి ఉద్యోగం తెచ్చింది మీ అమ్మ! ఎప్పుడు జాయినవ్వాలో అడుగు!"

బసవమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. తాను చేసింది మంచో చెడో కూడా ఆ తల్లికి ఇంకా తెలియలేదు!

పోయిన సోమవారం ఆ ఇల్లు ఇలా లేదు. బీకాం పాసై కూడా ఊళ్లో కళ్లాల వెంట మిరపకాయల తొడిమలు తీసే కూలి చేస్తున్న భవ్య, దాచేపల్లి అవతల ఫ్యాక్టరీలో అకౌంట్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లి వచ్చింది. వచ్చిన పిల్ల ముఖం వెలిగిపోతోంది.

"ప్రసన్నకుమార్ గారని పెద్దాఫీసరమ్మా. లోపలికి వెళ్లగానే 'కూర్చోమ్మా' అన్నాడు. మంచినీళ్లు ఇప్పించాడు. ఆ తర్వాతే ప్రశ్నలు అడిగాడు."

"కూర్చోమన్నాడా?"

"అవునమ్మా."

"కుర్చీలోనే?"

"కుర్చీలో కాక నేల మీదా!" అని నవ్వింది భవ్య.

బసవమ్మ నవ్వలేదు. మార్కెట్ యార్డులో, బ్యాంకులో, మండలాఫీసులో ఆమె బతుకంతా నిలబడే గడిచింది. బల్ల అవతల కూర్చున్న మగమహారాజు ఎవడూ ఆమెను కూర్చోమన్న పాపాన పోలేదు. వాళ్ల ఫ్యాను గాలి బల్ల దాటి ఇవతలికి వచ్చేది కాదు! అలాంటిది తన కడుపున పుట్టిన పిల్లను ఒక ఆఫీసరు 'కూర్చోమ్మా' అన్నాడు... ఆ మాట ఆమె గుండెల్లో ఎక్కడో తడిగా దిగింది.

"ఇంకేమన్నాడే?"

"మీ అమ్మానాన్నలు ఏం చేస్తారన్నాడు. మిరప వేస్తారు సార్ అన్నా. 'ఇంట్లో దంచిన కారం తిని ఎన్నేళ్లయిందో, ఈ ప్యాకెట్ల కారానికి రుచేముంది' అని నవ్వాడు."

భవ్య ఆ మాటను అక్కడే వదిలేసింది. బసవమ్మ వదల్లేదు.

సాయంత్రం భవ్య ఫోనులో ఏదో రాస్తుంటే పక్కన చేరింది. "ఏం రాస్తున్నావో చెప్పవే."

"నాతో ఓపిగ్గా మాట్లాడినందుకు కృతజ్ఞతలు సార్ అని. ఇంటర్వ్యూ అయ్యాక ఇలా పెట్టాలమ్మా, అది పద్ధతి."

"రెండు ముక్కలేనా? మా అమ్మ కూడా చెప్పమంది అని రాయి."

"అబ్బా, నవ్వుతారమ్మా! అమ్మల పేర్లూ నాన్నల పేర్లూ అందులో రాకూడదు."

రాకూడదు కాబోలు... కానీ బసవమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి ఒకటుంది. మేలు చేసినవాళ్లకు కొత్త పంట కారం దంచి ఇవ్వాలి. ఇంకొకరి చేత పంపకూడదు. దంచిన చెయ్యే ఇవ్వాలి. భవ్య పుట్టినప్పుడు దగ్గరుండి చూసుకున్న నర్సమ్మకు అలాగే ఇచ్చింది. పదో తరగతిలో పిల్లకు లెక్కలు చెప్పిన మాస్టారికి అలాగే ఇచ్చింది. వాళ్లెంత సంతోషించారు! ఈయనకు ఫోనులో రెండు ముక్కలు పారేసి ఊరుకోవడమా?

ఎర్రటి కాయలు ఏరి, ఎండబెట్టి, రోట్లో వేసి దంచింది. జీలకర్ర, వెల్లుల్లి కలిపి మళ్లీ దంచింది. అరచేతులు బొబ్బలెక్కాయి. స్టీలు డబ్బాలో నొక్కి పెట్టి, మూత మీద కొత్త గుడ్డ కట్టింది.

"పోవే, పో!" అన్నాడు బుల్లయ్య. "ఆఫీసరు కంచంలో అన్నం పెట్టుకుని నీ కారం కోసం కాసుక్కూర్చున్నాడు!"

ఆ మనిషి మాట ఎప్పుడు తిన్నగా ఉంది గనక! భవ్య కూలికి వెళ్లిన పూట చూసుకుని బసవమ్మ బస్సెక్కింది.

ఆ ఫ్యాక్టరీలో పోయిన నెల ఒక గొడవ జరిగిందని ఆమెకు తెలియదు. పనిలోంచి తీసేసిన కూలీ ఒకడు, అదే గేటు దగ్గర కారు దిగుతున్న మేనేజరు కళ్లల్లో కారం కొట్టి పారిపోయాడు. అప్పటి నుంచి గేటు కాపలావాళ్లకు ఏ సంచి చూసినా అనుమానమే.

"సంచిలో ఏందమ్మా?" అన్నాడు కాపలా రహమాన్.

"కారం నాయనా! ప్రసన్నకుమార్ గారికి!" అంది బసవమ్మ ముఖమంతా నవ్వు చేసుకుని.

రహమాన్ ముఖం మాడిపోయింది. "ఇటివ్వు!" అని సంచి పట్టుకున్నాడు.

"నీకు కాదయ్యా, ఆయనకు నా చేత్తో ఇవ్వాలి..."

"ఇవ్వమంటుంటే!"

ఆమె వదల్లేదు. ఇద్దరూ చెరోవైపు లాగారు. గుడ్డ చిరిగింది, మూత ఎగిరింది. ఇన్ని రోజులూ దంచి దంచి పెట్టిన కారమంతా పైకి లేచి బసవమ్మ ముఖానే పడింది!

"అమ్మా..." అని కూలబడింది. ఈల మోగింది. పరుగెత్తుకొచ్చిన నలుగురూ ఆమె రెక్కలు విరిచి పట్టుకుని ఎండలో కంకర మీద కూర్చోబెట్టారు. ఎవడో ఫోనులో వీడియో తీస్తున్నాడు. "పోలీసులకు చెప్పండ్రా! మళ్లీ కారంతో వచ్చారు!"

పోలీసులన్న మాట ఆమె చెవిన పడింది. కళ్లు కనిపించడం లేదు. గాలిలోకి చేతులు జోడించి అరిచింది.

"నేను దొంగను కాదయ్యా! మొన్న మీ దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చిన భవ్య తల్లిని! మా పిల్ల భవ్యను అడగండి... భవ్య!"

అప్పటిదాకా ఆమెకు పేరు లేదు, ఊరు లేదు. ఊరుకుని ఉంటే ఎవరో పిచ్చిది అనుకుని వదిలేసేవాళ్లు. తనను కాపాడుతుందనుకుని కూతురి పేరు చెప్పుకుంది ఆ తల్లి!

కాసేపటికి ఒక గొంతు వినిపించింది. "వదలండి. పోలీసులు వద్దు. ముందు నీళ్లివ్వండి."

ఆ ఆఫీసరు ఆయనే అయి ఉంటాడనుకుంది! బసవమ్మ ఆ గొంతు వచ్చిన వైపు ఖాళీ డబ్బా చాచింది. "బాబూ... మా పిల్లను కూర్చోమన్నారంట..."

ఎవరో నీళ్ల సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. బస్సులో ఎవరో పక్కావిడ చెయ్యి పట్టి ఊళ్లో దించింది.

ఇంటికి చేరిన కాసేపటికే కూలి నుంచి అప్పుడే వచ్చిన భవ్యకు ఆఫీసరు ఫోను చేశాడు. పైకి పంపిన జాబితాలో మొదటి పేరు భవ్యదేనట. ఆ వీడియో చూసిన మేనేజరు ఆ పేరును తన చేత్తోనే కొట్టేశాడట. "మీ అమ్మగారు ఎందుకొచ్చారో నాకు తెలుసమ్మా. చెప్పి చూశాను... వినలేదు."

ఇదీ జరిగింది!

"చెప్పమ్మా, మాట్లాడవేం!" అని భవ్య తల్లి చేతులు పట్టుకుని కుదిపింది. కుదిపిన పిల్ల ఠక్కున ఆగింది. ఆ అరచేతులు తిప్పి చూసింది. రోకలికి లేచిన బొబ్బలు చితికి పచ్చి పుండ్లుగా ఉన్నాయి. అన్ని రోజులూ ఇంట్లో రోకలి చప్పుడు వింటూనే ఉంది తాను. అది ఎవరి కోసమో ఒక్కసారి కూడా అడగలేదు...

"ఎందుకమ్మా ఇంత పని..." అంటూ ఆ చేతుల్లోనే ముఖం పెట్టుకుంది.

"నిన్ను కూర్చోమన్నాడు కదే..." అంది బసవమ్మ. "మనల్ని ఎవరన్నారు అట్టా?"

మంచం కిర్రుమంది. బుల్లయ్య లేచాడు. ఇంకేదో దెప్పుతాడనుకున్నారు తల్లీకూతుళ్లు. అతను కుండలోంచి చల్లటి నీళ్లు ముంచుకొచ్చి, భార్య గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాడు.

"కళ్లు తెరవ్వే. మెల్లగా... నేనున్నాగా."

ఆ మాట ఆమె విని ఎన్నేళ్లయిందో!

భవ్య ఫోను తీసింది. చాలాసేపు రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది.

"ఎవరికే?" అంది బసవమ్మ భయంగా.

"ఆయనకే. మా అమ్మను పోలీసులకు అప్పజెప్పనందుకు థాంక్యూ సార్ అని." తల్లి భుజానికి ఆనుకుని అంది. "మా అమ్మ కూడా చెప్పమంది అని రాశానమ్మా."

ఆయన చూసినట్టు ఫోనులో టిక్కు పడింది. జవాబు రాలేదు. రాదు కూడా! ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఆయన కుర్చీ కూడా ఇంకొకడి చేతిలోదే.

తెల్లవారి తల్లీకూతుళ్లు కళ్లానికి బయలుదేరారు. బసవమ్మకు చూపు ఇంకా మసకగానే ఉంది. ఇంటర్వ్యూ కోసం కొనుక్కున్న చున్నీని భవ్య ఘాటు తగలకుండా ముక్కుకూ నోటికీ చుట్టుకుంది. కళ్లంలో మిరపకాయలు ఎర్రగా కుప్పలు పోసి ఉన్నాయి. కూలీలను చూసుకునే కోటేశ్వరి వీళ్లను చూసి కేకేసింది.

"నిలబడి చూస్తారేందే, ఎండెక్కుతుంటే! కూర్చోండి, కూర్చోండి!"

బసవమ్మ ఉలిక్కిపడి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

భవ్య తల్లిని మెల్లగా కుప్ప పక్కన దించి, తానూ కూర్చుంది.