మందారాల మీద తెల్ల పిండి

"కిరోసిన్ పొయ్యండి!" అని మొక్కల తెగుళ్ల ఇన్‌స్పెక్టర్ అరిచేసరికి నర్సరీ యజమానురాలు మందార కుండీలకు అడ్డంగా నిలబడింది.

"ముందు నా మీద పొయ్యండి. మా ఆయన పోయాక నాకు అన్నం పెట్టినవి ఇవే!"

ఆమె కబురందుకున్న డిటెక్టివ్, అతని అసిస్టెంటు అప్పుడే గాజు షెడ్డు చేరారు. బయటి పురుగు లోపలికి రాకుండా అందరిలాగే గుమ్మం దగ్గర తెల్లకోట్లు తొడుక్కున్నారు. ఇన్‌స్పెక్టర్ ఒంటి మీద మాత్రం ఊలు స్వెటరే ఉంది.

"ఆ కోట్లు నాకు పట్టవులెండి," అని ఆయన పొట్ట నిమురుకున్నాడు. "ఆకుల మీద ఈ తెల్ల పిండి ఉందే, ఇది పరాయి దేశపు పిండినల్లి పురుగు. పోయిన నెల పక్క తోటలో నేనే పట్టుకున్నాను. అట్నుంచి అటే వచ్చి ఇక్కడా చూశాను, ఒక్కటీ లేదు. తర్వాత ఎవరో దొంగచాటుగా విదేశీ కొమ్మ తెచ్చారు. ఎలా వచ్చిందో తేలితే సోకిన మొక్కలే కాలుస్తాం. తేలకపోతే సాయంత్రానికి మొత్తం బూడిదే."

"ఇంకెవరు? మా మరిదే! మొన్ననే విదేశం నుంచి దిగాడు."

"నేను తెచ్చింది చాక్లెట్లు వదినా! అవీ నువ్వే తిన్నావు."

అసిస్టెంటు మరిదిని గుర్రుగా చూశాడు. డిటెక్టివ్ మాత్రం కాలు నిలవనట్టు షెడ్డంతా తిరిగాడు. వెడల్పు దారుల్లో మొక్కలు శుభ్రంగా ఉన్నాయి. నడిమి ఇరుకు దారిలోనే రెండు వైపులా తెల్ల పిండి, అదీ నడుం ఎత్తులోనే.

అతను అందర్నీ అక్కడికి పిలిచి ఒక్కొక్కరినే నడవమన్నాడు. వదిన, మరిది ఆకు కదలకుండా దాటారు. ఇన్‌స్పెక్టర్ అడుగు పెట్టగానే రెండు వైపులా కొమ్మలు ఊగాయి.

"మరిది కాదా సార్?" అన్నాడు అసిస్టెంటు నీరసంగా.

"ఇంత పిండి పట్టడానికి వారాలు కావాలి. అతనొచ్చింది మొన్న. పైగా కొమ్మతో వస్తే ఒకచోట మొదలై చుట్టూ పాకేది, ఇలా దారి పొడవునా గీత గీసినట్టు ఉండదు. ఆడ పురుగుకి రెక్కల్లేవు. కంటికానని పిల్లలు మాత్రం బట్టలు పట్టుకుని ఊరేగుతాయి. అమ్మా, ఈ అంచు మొక్కలు కాలిస్తే చాలు, మిగతావి బతికాయి."

యజమానురాలు పక్క కుండీని రెండు చేతులా హత్తుకుంది.

"మరి తెచ్చిందెవరు?" అని ఇన్‌స్పెక్టర్ గద్దించాడు.

"సోకిన తోట చూసి అట్నుంచి అటే, కోటు లేకుండా వచ్చి, ఈ దారిని రెండు వైపులా స్వెటరుతో తుడుచుకుంటూ వెళ్లిన మనిషి ఒక్కరే. మీరే, ఇన్‌స్పెక్టర్ గారూ!"