ఇరవై నాలుగు చెక్కముక్కలు

షాపు నిండా నిగనిగలాడే తలుపులుండగా ఆ అమ్మాయి ఒక్కదాని వంకా కన్నెత్తి చూడలేదు. నేరుగా వెనక రేకుల షెడ్డులోకి వెళ్ళి, మూలన పడి ఉన్న చివికిన దుంగ ముందు గొంతుక్కూర్చుని, చంటిపిల్లను చూసినట్టు మురిసిపోయింది.

చిత్రిక పడుతున్న మన వడ్రంగికి ఒళ్ళు మండింది. మండదా మరి? పదేళ్ళుగా తలుపులు చేస్తున్నాడు, ఒక్కరూ వాటిని చూసి అలా మురిసిన పాపాన పోలేదు.

"ఏవండీ, అది చివికిపోయింది. పొయ్యిలోకి కూడా పనికిరాదు."

"అందుకే కావాలి. నేను ల్యాబ్ నుంచి వచ్చాను. దీన్ని తినేదాని మీద రీసెర్చ్ చేస్తున్నా."

"ఏది తింటోంది? నాకేం కనపడట్లేదే."

"ఇదిగో, ఈ తెల్ల ఫంగస్. చెక్కలో సెల్యులోజ్ దారాల్లా ఉంటుందండీ. ఆ దారాల్ని గట్టిగా పట్టి ఉంచేది లిగ్నిన్. దాన్ని విడగొట్టడం చాలా జీవులకు చేతకాదు. ఇదేమో ఎంజైములు వదులుతుంది. అవి లిగ్నిన్‌ని ముక్కలు ముక్కలు చేసేస్తాయి. అది పోయాక చెక్క ఇలా తెల్లగా, పీచుపీచుగా మిగులుతుంది. దీంతో కాగితం చేసేవాళ్ళకి లిగ్నిన్ తీసే మందుల వాడకం తగ్గుతుంది."

"అంటే మా పని పాడుచేసేదాన్ని మీరు పెంచుతారన్నమాట."

"మీ షెడ్డులోనే పెంచుదామనుకుంటున్నా. చెమ్మగా భలే ఉంది."

కాదనడానికే నోరు తెరిచాడు. బయటికి మాత్రం "సరే" అని వచ్చింది. ఎందుకొచ్చిందో అతనికీ తెలియదు.

ఇరవై నాలుగు ముక్కలు సమానంగా కోసి ఇచ్చాడు. ఆమె వాటికి ఫంగస్ అంటించి, నంబర్లు వేసి, షెడ్డులో వరసగా పేర్చింది. ప్రతి గురువారం సాయంత్రం వచ్చి చూసుకునేది. నెలకోసారి రెండు ముక్కలు ల్యాబ్‌కి తీసుకెళ్ళి తూచేది.

"రంపప్పొట్టులో ఇస్త్రీ చొక్కా ఏంటి మరిదీ?" అంది వదిన, తలుపుకి పాలిష్ పెడుతూ. షాపులో పాలిష్ పని ఆవిడదే. "ఫంగస్ కోసమా?"

"నీకు అన్నీ వేళాకోళమే వదినా."

కానీ అతని బాధ వేళాకోళం కాదు. "పదిహేడోది ఎంత అందంగా ఉందో చూశారా" అంటూ ఆమె తన మొహంలోకే చూస్తుంది. ఆ కళ్ళలో మెరుపు తన కోసమా, పదిహేడో ముక్క కోసమా? ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా తేలలేదు.

ఒక గురువారం ఆమె మామూలుగా అనేసింది. "ఇవి సగం బరువు తగ్గితే చాలండీ, నా పని అయిపోయినట్టే. వేరే ఊళ్ళో ల్యాబ్‌కి వెళ్ళిపోతా."

అతని గుండెల్లో రాయి పడింది.

మర్నాటి నుంచి ముక్కలన్నీ పొద్దున్నే పెరట్లోకి మోసి ఎండలో పెట్టడం, మధ్యాహ్నం మళ్ళీ షెడ్డులో వరసగా సర్దేయడం. చెమ్మ లేకపోతే ఫంగస్ పని మానేస్తుందని వడ్రంగికి ఎవరైనా చెప్పాలా?

రెండు నెలలు గడిచాయి. ఆ గురువారం వచ్చేసరికి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ల్యాబ్‌లో బాగానే తింటోందండీ. ఇక్కడే ఏమైందో అర్థం కావట్లేదు. ఇది పనికిరాదు, నెలాఖరుకి ప్రాజెక్ట్ మూసేయమన్నారు మా సార్. రెండేళ్ళ పని."

వెళ్ళకూడదని చేసిన పనే ఆమెను పంపించేస్తోంది. నోరు మూసుకుంటే వెళ్ళిపోతుంది. నిజం చెబితే వెళ్ళిపోతుంది, పైగా జన్మలో మొహం చూడదు. ఎటు చూసినా తనకి మిగిలేదేమీ లేదు. నిజం చెబితే ఆమె రెండేళ్ళ పని మాత్రం మిగలొచ్చు.

"తప్పు దానిది కాదండీ, నాది. నేనే వీటిని ఎండలో పెట్టాను."

ఆమె గిరుక్కున అతని వైపు తిరిగింది.

"రోజూనా?"

"ఆదివారం కూడా."

"ఎన్ని గంటలు?"

"ఎనిమిది నుంచి పన్నెండు దాకా. మబ్బు పడితే రెండు దాకా."

ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది. తిడుతుందా, రాసుకుంటుందా? రెండూ చేసింది.

"అసలు బుద్ధుందా మీకు? వాన పడ్డప్పుడో?"

"అప్పుడు తియ్యలేదు. వరసగా తొమ్మిది రోజులు."

"ఆ తొమ్మిది రోజుల్లో మళ్ళీ పెరిగిందా?"

"నాలుగో రోజుకే తెల్లగా వచ్చేసింది."

కలం ఆగింది. "అంటే చావలేదు. పడుకుంది. చెమ్మ తగలగానే లేచింది. ఇది ల్యాబ్‌లో మేం చూడనేలేదు. సార్‌కి చూపించాలి."

"మంచిదేనా అయితే?"

"అది మంచిదే. మీరే మంచివాళ్ళు కాదు. ఎందుకు పెట్టారు ఎండలో? కారణం కూడా రాయాలి."

అవతల వదిన పాలిష్ గుడ్డ చప్పుడు ఆగిపోయింది.

"ఇవి తొందరగా చివికిపోతే మీరు వెళ్ళిపోతారని. మీరంటే నాకు ఇష్టం."

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఆమె ఆ మాట రాయలేదు. పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. ఇంతకాలం అయోమయమంతా తనదే అనుకున్నాడు గానీ, ఆమె మొహంలోనూ అదే కనిపించేసరికి అతనికి కాస్త ఊపిరాడింది.

"ఉండమని నన్నడగాలి గానీ," అంది చివరికి, "ఫంగస్‌ని ఆపుతారా ఎవరైనా?"

"అడిగితే ఉంటారా?"

"అడిగి చూడండి."

అడిగాడు.

"కోపం తగ్గాక చెబుదామనుకున్నా," అంది ఆమె. "అది ఇప్పట్లో తగ్గేలా లేదు. ఉంటాను."