బతికున్నవాళ్ల చీటీలో సవేటా

దగ్గరికి జరిగి కూర్చోండి, నాయనలారా. ఆ పైవాడు మనందరినీ చల్లగా చూడాలి. రొమేనియాలో యాష్ పట్నం, అక్కడి కాన్సర్ ఆసుపత్రిలో జరిగిన సంగతి ఇది.

ఇలింకాది ప్రయోగశాలలో పని. రోగి కణితిలోని కణాలను చంపి, మెత్తటి జెల్‌లో కలిపేది. ఆ ముక్కను చర్మం కింద పెడితే, ఒంట్లోని కాపలా కణాలు దాని దగ్గరికొచ్చి, శత్రువు ఆనవాలు పట్టి, పోరుకు బయల్దేరతాయి. పరీక్ష కోసం అలాంటిదే ఇంకో ముక్కను, రోగి రక్తకణాలతో పాటు గాజుపళ్లెంలో వేసి వెచ్చటి పెట్టెలో ఉంచేది.

ట్రాములు నడిపి రిటైరైన సవేటా అనే రోగి ఓనాడు అడిగింది. "నీ జెల్ పిలిస్తే అవి వస్తాయంటావా, పిల్లా? నేను పిలిస్తే మా ఆయనే పలికేవాడు కాదు."

"వస్తాయి పెద్దమ్మా. నాదే పూచీ."

సోమవారం సవేటా పోయింది. రోగి పోతే పళ్లెంలో కణాలను చంపే మందు పోసి పారేయాలి. ఇలింకాకు చేతులు రాలేదు. శనివారం మధ్యాహ్నం గానీ ఆ పెట్టె తెరవలేదు. ఐదు రోజులుగా తిండిలేని కణాలు, ఎప్పుడో చచ్చి ఉండాలి. సూక్ష్మదర్శినిలో చూసింది.

బతికే ఉన్నాయి. జెల్‌ను వదిలేసి పళ్లెం అంచున గుమిగూడాయి... సవేటా పడుకున్న వార్డు వైపు.

పళ్లెం తిప్పి పెట్టింది. గంటకి మళ్లీ అటే.

గదంతా మైనం వాసన. కొవ్వొత్తి ఎక్కడా లేదు.

"డోరిన్... ఇటు రా," అంది గుసగుసగా.

పక్క బల్ల దగ్గర పనిచేసే డోరిన్ వచ్చి చూశాడు. సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తి అడిగాడు. "చర్చిలో ఆవిడ పేరు ఏ చీటీలో ఉంది?"

బతికున్నవాళ్లకొకటి, పోయినవాళ్లకొకటి, రెండు చీటీలు ఇస్తారక్కడ. ఫాదర్ ఆ పేర్లను నలభై రోజులు రోజూ పొద్దున్నే చదువుతారు. సవేటా బాగుపడాలని తాను ఇచ్చిన బతికున్నవాళ్ల చీటీని ఇలింకా మార్చలేదు. మారిస్తే ఓడిపోయినట్టే అనిపించింది.

"రోజూ పొద్దున్నే ఆవిణ్ణి లేపి కూర్చోబెడుతున్నావన్నమాట," అన్నాడు డోరిన్. "పడుకోనివ్వవే?"

ఇలింకా పరుగున చర్చికి వెళ్లింది. "పేరు మార్చండి, ఫాదర్ గారూ. ఆవిడ పోయింది... నావల్ల కాలేదు." ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. ఫాదర్ కలం ఆమె చేతికే ఇచ్చారు. పోయినవాళ్ల చీటీలో సవేటా పేరు రాసింది.

తిరిగొచ్చేసరికి వాసన లేదు. కణాలు కదలడం లేదు. మందు పోయడానికి ఏడుస్తూనే పళ్లెం మూత తీసింది.

మూత లోపల ఆవిరి పట్టి ఉంది. ఆవిరి మీద బొటనవేలి ముద్ర. లోపలి నుంచి నొక్కినట్టు... వేలు దూరేంత ఎత్తు కూడా ఆ పళ్లేనికి లేదు.

ఆ ముద్ర ఎవరిదో ఈనాటికీ తెలియదు. మీరు మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి, ఇంకొకరికి చెప్పండి. పోయినవాళ్ల పేరు పోయినవాళ్లలో రాయండి. మీ చేత్తో... ఆ పూటే.