అక్క కప్పిన శాలువా

"మీ అక్కను పట్టుకోవాలి," అన్నాడు చీఫ్.

పిచ్చుక టీ కప్పు కింద పెట్టింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్ నేమ్ అదే.

"అక్క విద్యుత్ సలహా మండలి మెంబర్ సార్. మనకు సమాచారమిచ్చేది తనేగా?"

"విదేశీ ముఠాకీ ఇస్తోంది. డబుల్ ఏజెంట్. దేశం మొత్తం గ్రిడ్ కంట్రోల్‌ని ఆ ముఠా కంపెనీకి అప్పగించమని ఇవాళ మండలి సిఫారసు చేయబోతోంది. మండలి ఏం చెప్తే మంత్రి దానిమీదే సంతకం పెడతారు. అక్కడ ఓటింగ్ ఉండదు. ఛైర్మన్ మూడుసార్లు అడుగుతాడు. మైకులో అభ్యంతరం రికార్డవకపోతే అందరూ ఒప్పుకున్నట్టే."

"మండలిలో ఉన్న ప్రొఫెసర్‌గారు ఒప్పుకోరు."

"ఆయన గొంతుకు ఆపరేషనైంది. మైకు లేకపోతే పక్క కుర్చీకి తప్ప వినపడదు. ఆ పక్క కుర్చీ మీ అక్కది. మైకుల్ని పనిచేయనీయని జామర్ కూడా ఆమె దగ్గరే ఉంది. ఎక్కడ దాచిందో తెలీదు."

గ్రిడ్ పరాయి చేతికి పోతే? పిచ్చుక కళ్లముందు ఆస్పత్రిలో గాజుపెట్టెల్లోని పసిగుడ్లు మెదిలాయి. కరెంటు పోయిన గది. ఎవరూ రారు.

విగ్గు, కళ్లజోడు, పెట్టుడు పళ్లు. మైక్ ఆపరేటర్ వేషంలో హాలు చివర కూర్చుంది. ఏసీ గడ్డకట్టిస్తోంది. చిన్నప్పటిలాగే వరసగా తుమ్ములొచ్చాయి.

ముందు వరసలో అక్క తల తిప్పింది. నీలం పట్టు శాలువా, దానిమీద మెరిసే వెండి పిన్ను. లేచి నేరుగా వచ్చింది. తలుపు దగ్గర ముఠా మనుషులున్నారు. అక్క ఒక్క మాటంటే పిచ్చుక పని అయిపోయినట్టే.

అక్క శాలువా తీసి ఆమె భుజాలమీద కప్పింది. అమ్మ పోయాక తనను పెంచిన చేతులవి.

"చలి పడదని తెలిసీ ఇలాంటి ఉద్యోగం ఎందుకే? ఏమైనా తిన్నావా?" గొణిగి, వెళ్లి కూర్చుంది.

"అభ్యంతరాలున్నాయా?" అడిగాడు ఛైర్మన్.

ప్రొఫెసర్ పెదవులు కదిలాయి. పిచ్చుక హెడ్‌ఫోన్లో గీమని ఒకటే రొద. జామర్ ఇంత దగ్గరగానా?

"అభ్యంతరాలున్నాయా?"

ఆమె తన గుండెలమీది పిన్ను చూసుకుంది. అక్క దాన్ని తీయడం మరిచిపోయిందా, మరవలేదా?

"చివరిసారి అడుగుతున్నాను."

పిన్ను నేలమీద పడింది. పిచ్చుక మడమ కింద నలిగింది.

"ఉంది," ప్రొఫెసర్ గరగర గొంతు హాలంతా మోగింది. "నాకు అభ్యంతరం ఉంది."

అక్క వెనక్కి తిరగలేదు. పోలీసులు బేడీలతో తీసుకెళ్తుంటే మాత్రం పిచ్చుక ముందు ఆగింది.

"శాలువా ఉంచుకో. బయటా చలిగానే ఉంటుంది."



సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "శభాష్. జామర్ ఎలా దొరికిందని రిపోర్టులో రాయమంటావ్?"

ఆమె శాలువా ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

"తుమ్మానని రాయండి సార్."