ముందు నడుస్తూ వెనక్కి చూసేవాడు

రాజురా దాటాక లోపలికి చీలే ఒక మట్టిరోడ్డు మీద దొరగుట్ట మలుపు ఉంది. పొద్దుగూకాక ఆ మలుపు ఎక్కొద్దంటారు. ఎక్కితే నీ ముందు ఒకడు నడుస్తుంటాడు. కాళ్లు గుట్ట మీదికి పోతుంటాయి… మొహం మాత్రం నీ వైపే ఉంటుంది. రెప్ప వెయ్యడు. పలకడు.

పులి నోట పడి పోయినవాడట. పులికి మనుషుల్ని చూపించడమే ఇప్పుడు వాడి పనట. వాడి వెనక పోవడమంటే పులి ముందుకు పోవడమే — ఈ మాట బొగ్గు లారీ డ్రైవర్లు చెప్తారు. రోడ్డు మొదట్లో చాయ్ అమ్మే సుదర్శన్ చెప్తాడు. చాయ్ తాగినవాళ్లు దానికి ఇంకాస్త ఉప్పూకారం చల్లి చంద్రపూర్ దాకా మోస్తారు.

నా దాకా కూడా అలాగే వచ్చింది. కాకపోతే నాకు చేరిన కథలో ఆ నడిచేవాడికి ఒక పేరుంది. దేవన్న.

ఆ పేరు వింటే నిద్రపట్టని మనిషి చంద్రపూర్‌లో ఒకడున్నాడు. సంజీవ్. పుట్టింది లక్కడ్‌కోట్‌లో, ఉద్యోగం చంద్రపూర్‌లో ఓ ఆఫీసులో గుమాస్తాగిరీ. ఆదివారం వచ్చిందంటే ఇంట్లో కాలు నిలవదు. ఎక్కడ దొరల కాలం నాటి చర్చి ఉందన్నా, ఏ గుట్ట మీంచి నది వంపు కనిపిస్తుందన్నా సైకిల్ మీద బయల్దేరేవాడు. పక్కన ఇంకో సైకిల్ మీద దేవన్న. పాత గోడకు రెండు సైకిళ్లూ ఆనించి ఫోటో తీసుకోవడం, జొన్నరొట్టె తినడం, తిరిగి రావడం… ఇదీ వాళ్ల సంబరం.

దొరగుట్ట కింది పల్లే దేవన్నది. గుట్ట మీది చర్చి చిన్నప్పట్నుంచీ చూసిందే కదా అని అన్నిటికన్నా చివరికి పెట్టుకున్నారు. నిజంగానే చివరిదైంది.

రెండేళ్ల కిందటి డిసెంబరు. చర్చి వెనక బండ మీద నిలబడితే వార్ధా నది అంతా ఎర్రబడి కనిపిస్తోంది.

"ఇగ పోదాం పా. పొద్దువోతుంది" అన్నాడు దేవన్న.

"అయిదు నిమిషాలు రా. నువ్వు పోయి మలుపు కాడ సైకిళ్లు చూస్కో. ఒక్క ఫోటో దీసుకొని వస్త."

దేవన్న దిగిపోయాడు. కాసేపటికి కింద నుంచి సైకిల్ బెల్లు… ట్రింగ్… ట్రింగ్ ట్రింగ్ ట్రింగ్… ఆగకుండా. తొందరపెడుతున్నాడులే అని సంజీవ్ నవ్వుకున్నాడు. ఇంకో ఫోటో తీశాడు. అది మహా బాగా వచ్చింది.

అతను దిగి వచ్చేసరికి సైకిళ్లు రెండూ ఉన్నాయి. దేవన్న లేడు.

ఆ బెల్లు సంగతి సంజీవ్ ఎవరికీ చెప్పలేదు. పంచనామాలోనూ లేదు. దేవన్నను పెంచి పెద్దచేసిన పెద్దక్క రాజక్క ఎదురుపడుతుందని దినాలకు కూడా పోలేదు. పేపర్లో ఆ పల్లె పేరు కనిపిస్తే పేజీ తిప్పేసేవాడు. సైకిల్ మాత్రం మానలేదు… ఇంకా ఎక్కువ తొక్కాడు. వారానికో చర్చి, వారానికో గుట్ట. ఎక్కడికి పోయినా అయిదు నిమిషాలు నిలబడలేడు. తొక్కుతున్నంతసేపూ వెనక్కి తిరిగి తిరిగి చూస్తాడు.

మలుపు దగ్గరి దెయ్యం మాట చెవిన పడగానే అందరూ భయపడ్డారు. సంజీవ్‌కు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. వాడు వెనక్కి చూసేది నాకోసమే. తిట్టనీ, చంపనీ… ఒక్క మాట అడగాలి. ఆ బెల్లు నన్ను రమ్మనే కొట్టావు కదా దేవన్నా?

ఈ డిసెంబరులో ఒక ఆదివారం అతని సైకిల్ సుదర్శన్ బండి ముందు ఆగింది. బల్లార్షా వైపు ఆకాశం అప్పటికే మసకేసింది.

"భావూ, గీ యాళ్లకు ఏడికి?"

"గుట్ట మీదికి."

సుదర్శన్ చేతిలో చాయ్ గిన్నె అలాగే ఉండిపోయింది. "పాగల్ అయినవా ఏంది… వాపస్ పో."

సంజీవ్ పోలేదు. మట్టిరోడ్డు ఎక్కాడు. రెండు పక్కలా టేకు చెట్లు, కింద ఎండాకు. చలి చెవులు కోస్తోంది. పల్లె దీపాలు రెండు మూడు కనిపించి పోయాయి. మలుపు దగ్గర ఎత్తు ఎక్కువ, దిగి నడిపించాల్సిందే. హ్యాండిల్‌కు కట్టిన లైటు వెలుతురు రాళ్ల మీద ఊగుతోంది.

అప్పుడు కనిపించింది…

ఇరవై అడుగుల ముందు… ఒక మొహం.

తెల్లగా ఉంది. మీసం ఉంది. కళ్లు విప్పి అతన్నే చూస్తోంది. చూస్తూనే దూరమవుతోంది.

సంజీవ్ లైటు కిందికి వంచాడు. చెప్పుల్లేని కాళ్లు. మడమలు ఇటు. వేళ్లు అటు.

దెయ్యానికి పాదాలు తిరగబడి ఉంటాయని చిన్నప్పుడు విన్నది నిజమే. వెనక్కి పోదామనుకున్నాడు — వెనక ఎండాకు మీద ఏదో కదిలింది. ఒక్కసారే. ఆగింది.

"దేవన్నా…" అన్నాడు. "దేవన్నా, నేన్రా… సంజీవ్‌ను."

మొహం పలకలేదు. రెప్ప వెయ్యలేదు. పోతూనే ఉంది.

పిలుస్తూనే వెంట పోయాడు. పులి దగ్గరికే తీసుకుపోతున్నాడనుకున్నాడు. తీసుకుపోతే పోనీ అనుకున్నాడు. అంతగా విసిగిపోయి ఉన్నాడు పాపం. మొహం చర్చి మెట్లెక్కింది. తలుపు దగ్గర ఆగింది. మెల్లగా తిరిగింది…

తిరిగిన ఆ తలకు, ఇటువైపు ఇంకో మొహం ఉంది!

సంజీవ్ చేతిలోంచి సైకిల్ పడిపోయింది. లైటు ఎగిరి నేరుగా ఆ రెండో మొహం మీద పడింది. ముడతలు. ముక్కుపుల్ల. చికిలించిన కళ్లు.

"ఎవల్రా అది? లైటు తియ్, కండ్లల్ల గొడ్తుంది."

రాజక్క!

ఆమె చేతిలో చర్చి తాళం. క్రిస్మస్‌కు ఏడాదికోసారి వచ్చే పాస్టరు గారు ఆ తాళం ఆమెకే అప్పజెప్పారు. పొద్దున తెరిచి ఊడ్వాలి, పొద్దుగూకాక వెయ్యాలి. పాతికేళ్లు కంకర క్రషర్ మోతలో దిబ్బడేసిన చెవులు, దారి పొడుగునా అతను పిలిచిన ఒక్క పిలుపూ అందుకోలేదు. ఇక తల వెనక మొహం… పులి వెనక నుంచే మీద పడుతుందని, మొహం కనిపిస్తే జంకుతుందని, అటవీ శాఖవాళ్లు ఆ పల్లెలో పంచిన ప్లాస్టిక్ మాస్కు. దేవన్న పోయాకే పంచారు. పేపర్లో కూడా వచ్చింది. సంజీవ్ పేజీ తిప్పేసిన రోజుల్లో.

"ఊరోళ్లందరు సిగ్గని పడేసిండ్రు. నేనొక్కదాన్నే పెట్టుకుంట" అంది. తర్వాత దగ్గరికొచ్చి మొహంలోకి చూసింది. "సంజీవా! రెండేండ్లకు యాదికొచ్చిన్నా బిడ్డా?"

సంజీవ్ మెట్ల మీద కూలబడ్డాడు. దాచింది ఇక దాగలేదు. "అక్కా… ఆ దినం వాడు బెల్లు గొట్టిండు. నాకు ఇనబడ్డది."

"ఆఁ? గట్టిగ చెప్పు."

"బెల్లు గొట్టిండు!"

"ఎవలు?"

రెండేళ్లు గొంతులో దాచినదాన్ని అతను అరిచి చెప్పాల్సి వచ్చింది. "దేవన్న! బెల్లు గొట్టిండక్కా! ఇనబడ్డది! నేనే రాలే… ఫోటో దీసుకుంట నిలబడ్డ!"

ఖాళీ చర్చి ఆ మాటల్ని పట్టుకుని రెండుసార్లు తిప్పి చెప్పింది. సంజీవ్ ఏడ్చాడు. సిగ్గులేకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రాజక్క తలుపు మూసింది. తాళం వేసి లాగి చూసింది.

"పిస్సోడా" అంది చివరికి. "మేకలు కాసేటోళ్లకు పులి కనబడితే ఏం జేస్తరు? డబ్బా గొడ్తరు. ఎందుకు? ఎనక వచ్చేటోళ్లు ఆడనే ఆగాలెనని. మా ఊళ్లె పుట్టినోనికి గది నేర్పే పని లేదు. వాడు నిన్ను రమ్మని గొట్టలే. రావద్దని గొట్టిండు."

నిజంగా అంతేనా, ఏడుస్తున్నవాణ్ని చూసి కల్పించి చెప్పిందా… తెలిసినవాడు దేవన్న ఒక్కడే. సంజీవ్ మాత్రం లేచి నిలబడ్డాడు.

ఇద్దరూ కలిసి మలుపు దిగారు. మలుపు కిందే ఆమె ఇల్లు. వాకిట్లో రాజక్క మాస్కు దారం విప్పి, అతని తల వెనక బిగించి కట్టింది.

"నీకో అక్కా?"

"ఇంట్ల ఇంకోటున్నది. ముందటికి సూసి తొక్కు. నువ్వు ఎనకకు సూడకు. ఎనకకు ఇది సూస్తది."

తారురోడ్డు దాకా రెండు కిలోమీటర్లు, అంతా చీకటి. టేకు చెట్ల మధ్య వెనక ఎండాకు కదిలింది. ఇందాకటి చప్పుడే. సైకిల్‌తో పాటే వచ్చింది… ఆగింది… మళ్లీ వచ్చింది. సంజీవ్ మెడ తిప్పలేదు. బొటనవేలితో బెల్లు కొడుతూ తొక్కాడు. రెండేళ్లలో అంత దూరం వెనక్కి చూడకుండా తొక్కడం అదే మొదలు. వెనక ఏముందో చూసింది ఆ మాస్కు ఒక్కటే.

సుదర్శన్ బండి కట్టేస్తున్నాడు. బెల్లు విని తలెత్తాడు. సైకిల్ ఎదురుగా వచ్చింది, దాటిపోయింది. అమ్మయ్య, బతికొచ్చాడు అనుకుంటూ వెనక నుంచి చూశాడు… దూరమవుతున్న సైకిల్ మీద ఒక తెల్లటి మొహం, మీసంతో, రెప్ప వెయ్యకుండా తననే చూస్తోంది.

మర్నాడు బండి తెరుచుకోలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు కథ కొంచెం మారింది. దొరగుట్ట దెయ్యం సైకిల్ నేర్చుకుందంటున్నారు. ఆదివారం ఆదివారం పొద్దుగూకేవేళ గుట్ట మీదికి పోతాడట. తిరిగి వచ్చేటప్పుడు ఊరికే బెల్లు కొడతాడట. అది విన్న లారీలు మలుపు ఇవతలే ఆగిపోతున్నాయి.

ఆగాలనే కదా కొట్టేది.