కడగని ప్లేటు

నర్సీపట్నంలో కొయ్యూరు రోడ్డు మొదట్లో మూసేసిన ఫోటో స్టూడియో ఒకటుంది. దీపాలు పెట్టాక దాని అరుగు మీద ఎవరూ కూర్చోరు. బేరం వచ్చినా ఆటోవాళ్ళు అక్కడ ఆపరు. లోపల ఎవరో లెక్కపెడతారని పేరు. "ఒకటి… రెండు… మూడు…" అని, చాలా నెమ్మదిగా. ఆ లెక్క ఆగిపోయేదాకా విన్నవాడు ఇల్లు చేరడట.

మా స్కూలు పిల్లలూ ఇదే చెబుతారు. చేరనివాడు ఎవడ్రా, పేరు చెప్పు అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నేను చెప్పేది మా సత్యవేణి మేడమ్ సంగతి. రోలుగుంట దగ్గర మా హైస్కూల్లో నేను తెలుగు, ఆవిడ సైన్సు. నర్సీపట్నంలో ఒక్కరే ఉంటారు. ఆవిడ నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను. చివరి ముక్క మాత్రం నేను చూసిందే.

ఆవిడ తల్లి సీతాలు, మేడమ్ పసిగుడ్డుగా ఉండగానే పోయింది. ఇంట్లో ఫోటో లేదు. పెంచిన అమ్మమ్మ ఒకటే చెప్పేదట — "నిన్ను ఒళ్ళో ఎట్టుకుని మీయమ్మ ఫోటో దిగిందే. ఆ ఫోటో మరి రానేదు."

అమ్మ ముఖం ఒక్కసారి చూడాలి. యాభై దాటిన మనిషికి ఉన్న కోరిక అదొక్కటే.

ఆ రోజుల్లో ఊళ్ళో ఫోటోలు తీసింది ఆ స్టూడియోవాళ్ళేనని, ఒక సాయంత్రం ధైర్యం చేసి అక్కడికి వెళ్ళారు. తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి…

"ఏడు… ఎనిమిది… తొమ్మిది…"

 అయినా తలుపు తోశారు. కుర్చీలో ఒక ముసలాయన, ఒంటరిగా. అక్కడ ఫోటోలు తీసి, ఎప్పుడో పోయిన గణేశ్వరరావు గారి తమ్ముడు, తాతాజీ.

"అన్నయ్య లెన్సు మూత తీసినా, ప్లేటు కడిగినా నేనే లెక్కెట్టీవోణ్ణి," అన్నాడట. "ఇప్పుడూ లెక్కెడితే ఆడు పక్కనే ఉన్నట్టుంటదమ్మా."

దెయ్యం ఇంతే. కానీ తల్లి పేరు చెప్పగానే తాతాజీ కుర్చీలోంచి లేచాడు. బీరువాలోంచి నల్లటి అట్టపెట్టె తీసి ఇచ్చాడు. లోపల, మందులో కడిగితేనే బొమ్మ తేలే పాతకాలం గాజు ప్లేటు.

"అన్నయ్య దీన్ని కడగనేదు. నన్నూ కడగనివ్వనేదు."

తర్వాతి వారం మా ల్యాబు బల్ల నిండా కరక్కాయలు.

"ఏటండీ మేడమ్, దగ్గుమందు అమ్ముతారా?" అన్నాను.

"ఫోటో మందు మాస్టారూ. పైరో అంటారు. గణేశ్వరరావు గారు దాంతోనే కడిగేవారట."

"కొంటే దొరకదా?"

"కొన్నాను. మూత తీసేసరికే నల్లగా ఉంది. గాలి తగిలితే పాడైపోతుంది. అందుకే నేనే చేసుకుంటాను, చేసిన పూటే వాడతాను."

నా బుర్రకి ఎక్కేలా విడమర్చారు. కరక్కాయలోని వగరే అసలు సరుకు. దంచి, నీళ్ళలో నానబెట్టి, బూజు పట్టనివ్వాలి. సగం పని ఆ బూజే చేసి పెడుతుంది. వచ్చిన పులుపును వడగట్టి, పలుకులు కట్టించి, ఎండబెట్టాలి. దాన్ని గాలి తగలకుండా వేడి చేస్తే ఆవిరి పైకి లేచి, చల్లటి గాజుకి తెల్లటి సూదుల్లా అంటుకుంటుంది. మంట కాస్త ఎక్కువైతే అంతా బొగ్గు.

"బూజు పట్టించడం దాకా మా ఇంట్లోనూ అవుతుంది," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "ప్లేటు ఒక్కటే మాస్టారూ. తప్పు చేస్తే మా అమ్మ మరి లేదు."

మొదటి విడత మాడిపోయింది. రెండోది కూడా. వానలు తగ్గాక చిటికెడు తెల్లసూదులు దక్కాయి.

ఆ రాత్రి స్టూడియో చీకటిగదిలో ఎర్రబల్బు. ట్రేలో మందు, మందులో ప్లేటు. తలుపు బయట తాతాజీ లెక్క.

"ఇరవై… ఇరవయ్యొకటి…"

ముందు పాప వచ్చింది. వేళ్ళు… బుగ్గన దిష్టిచుక్క… కనురెప్పలు…

బయట లెక్క ఆగిపోయింది.

"తల్లీ… సాలు. సూడకు."

ఆవిడ వినలేదు. ప్లేటును బొమ్మ స్థిరపడే మందులో ముంచి, కడిగి, లైటు వేసి, సెల్‌ఫోన్లో ఫోటో తీసి, తెలుపు నలుపు తారుమారు చేసి చూశారు. ఒళ్ళో పాప అద్దంలో చూసినట్టు స్పష్టంగా ఉంది. పైన తల్లి ముఖం ఉండాల్సిన చోట — తడిచేత్తో అలికేసినట్టు, ఒట్టి మసక.

"ఆ దినం ముసురు," అన్నాడు తాతాజీ. "ఇంట్లో ఎలుతుర్నేదు. మూత తీసి సానాసేపు ఉంచేం. మీయమ్మ ఏడుత్తా కదిలిపోయింది."

"పాప కదల్లేదేం?"

తాతాజీ ట్రేలో మందు పారబోయసాగాడు.

"తాతాజీ గారూ… ఆ రోజు మిమ్మల్ని ఎందుకు పిలిచారు?"

"పిల్లలు పోతే… సాగనంపే ముందు ఓపాలి ఒళ్ళో ఎట్టుకుని ఫోటో తీయించుకునీవోరమ్మా. గురుతుకి."

"అమ్మకి నేనొక్కదాన్నే."

"అందుకే అన్నయ్య కడగనేదు," గొంతు తగ్గించాడు. "మర్నాడు మీ ఈధిలోంచి వత్తా ఉంటే… మీ ఇంట్లో ఆ పాపే ఏడుత్తా ఉందంట."

మేడమ్ నోట ఇది విని నేను పాఠం చెప్పినట్టే చెప్పాను. పసిబిడ్డ ఊపిరి అందక నీలుక్కుపోయి ఉంటుంది, పోయిందనుకుని ఉంటారు, తర్వాత తేరుకుని ఉంటుంది. పల్లెల్లో ఇలాంటివి జరిగేవి.

"అంతే అయ్యుంటుంది మాస్టారూ," అన్నారు. కళ్ళజోడు తుడుచుకుని, "అమ్మ ముఖం మాత్రం రాలేదు," అన్నారు.

నిన్న పదో తరగతి పిల్లల వీడ్కోలు. చీకటి పడే వేళకి కరెంటు పోయింది. లావణ్య అనే అమ్మాయి సెల్‌ఫోను బెంచీ మీద ఆనించి, ఆ మసకలోనే గ్రూప్ ఫోటో పెట్టింది. "కదలకండి సార్, చీకట్లో తీయడానికి టైం పడుతుంది!" అని అరిచి వచ్చి నిలబడింది.

తర్వాత అందరం మూగి చూశాం. ఎంత బిగబట్టినా అందరం కొద్దికొద్దిగా చెదిరిపోయాం. నా మీసం ముక్కు దాకా అలుక్కుపోయిందని పిల్లలు ఒకటే నవ్వు.

మధ్యలో సత్యవేణి మేడమ్ ఒక్కరే — చీర కుచ్చెళ్ళు, కళ్ళజోడు, కనురెప్పల వెంట్రుకలు — ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.